మిశ్రమ మార్గములకు తగిన వాహనము: మౌంటెన్ బైకు, అడ్వెంచర్ మోటారు సైకిలుల ఎంపిక – సన్నాహము

ఉపోద్ఘాతము

వాహనమును కొనువారు సాధారణముగా వాహనమును చూచి కొందురు. అది పోవలసిన మార్గమును చూచి కొనువారు అరుదు. ఈ చిన్న భేదము నుండియే పెక్కు నష్టములు పుట్టుచున్నవి. లావైన టైర్లను, రంగురంగుల ఫ్రేమును, ట్యాంకుపై వేసిన కొండల బొమ్మను చూచి ముచ్చటపడి కొన్న వాహనము మొదటి ఘాట్ రోడ్డులోనే తన అసలు గుణమును బయటపెట్టును. విద్యార్థి కొను వాహనము వెనుక తలిదండ్రుల కష్టార్జితము ఉండును. దానిపై కూర్చుండునది వారి బిడ్డ ప్రాణము. కావున ఈ విషయమును ఒక పాఠముగా చదువుట అనవసరము కాదు.

మిశ్రమ మార్గమనగా ఒకే ప్రయాణమున పలు విధములైన నేల ఎదురగు మార్గము. హైదరాబాదు నుండి పడమరగా బయలుదేరి, మూసీ నది జన్మస్థానమైన అనంతగిరి కొండలకు పోయి, అచ్చటి నుండి పల్లె బాటలు పట్టు యాత్రికునికి మొదట తారు రోడ్డు, పిదప ఎర్రని మొరం బాట, దాని పక్కనే వాన పడిన బంకగా మారు రేగడి నేల, కొండ వాలున కాలు నిలువని గులకరాళ్ళు ఒకే దినమున తగులును. తారుపై హాయిగా పోవు వాహనము రాళ్ళలో తడబడును. రాళ్ళకు తగినది తారుపై భారముగా నడచును. రెంటికిని నూటికి నూరుపాళ్ళు సరిపోవు వాహనము లేదు. ఏ గుణమును ఎంత వదులుకొని, ఏ గుణమును ఎంత పొందవలెనో తేల్చుకొనుటయే ఎంపిక.

ఈ వాహనముల పుట్టుక

ఈ రెండు జాతుల వాహనములును అవసరము నుండి పుట్టినవే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మరిన్ కౌంటీలో కొందరు యువకులు 1930, 40 దశకముల నాటి బరువైన పాత సైకిళ్ళను సేకరించి, లావు టైర్లతో కొండ బాటల వెంట దిగుచుండిరి. 1976 అక్టోబరు 21న వారు నడిపిన పందెమునకు పిదప ‘రీప్యాక్’ అను పేరు స్థిరపడినది. ఆ సైకిళ్ళకు వెనుకకు తొక్కిన పట్టు బ్రేకు ఉండెడిది. దిగువకు చేరునప్పటికి ఆ వేడికి హబ్బులోని గ్రీజు పొగలై పోవుట చేత, మరల గ్రీజు కూరవలసి వచ్చెడిది. ‘మరల కూరుట’ అనునదే ఆ పేరునకు అర్థము. 1977లో జో బ్రీజ్ ఈ పనికై ప్రత్యేకముగా ఫ్రేమును నిర్మించెను. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీలు టామ్ రిచీ చేసిన ఫ్రేములతో ‘మౌంటెన్ బైక్స్’ అను సంస్థను ప్రారంభించిరి. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ వారి స్టంప్‌జంపర్ రాకతో ఈ సైకిలు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చెను. 1996 నాటి అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో మౌంటెన్ బైకు పందెము చోటు సంపాదించెను.

మోటారు సైకిలు కథ ఎడారిలో మొదలైనది. 1978 డిసెంబరు 26న పారిస్‌లో బయలుదేరి ఆఫ్రికా ఖండములోని డాకర్ నగరమునకు సాగిన తొలి పందెమున మోటారు సైకిళ్ళలో ముందు నిలిచినది ఒకే సిలిండరు గల యమహా ఎక్స్‌టి 500. నడిపినవాడు సిరిల్ నెవో. 1980లో బి.ఎమ్.డబ్ల్యు. సంస్థ ఆర్ 80 జి/ఎస్ అను వాహనమును విడుదల చేసెను. ఆ పేరులోని రెండక్షరములు జర్మన్ భాషలో ‘బీడు నేల’, ‘రోడ్డు’ అను పదములకు సంకేతములు. మిశ్రమ మార్గమను భావము ఆ పేరులోనే ఇమిడి ఉన్నది. మన దేశమున హీరో సంస్థ 2011లో ఇంపల్స్‌ను, 2019లో ఎక్స్‌పల్స్ 200ను, రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 2016లో హిమాలయన్‌ను తెచ్చినవి.

ఈ చరిత్రలో మనకు రెండు పాఠములు కలవు. సైకిలును మార్చిన మొదటి సమస్య వేగము కాదు, బ్రేకు. ఎడారిలో మొదట గెలిచినది పెద్ద ఇంజను కాదు, తేలికయైన ఒంటి సిలిండరు బండి.

మొదట మార్గ పరీక్ష

కొనుటకు ముందు ఒక కాగితముపై నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాసికొనవలెను.

(1) నూరు కిలోమీటర్లలో తారు ఎంత, బాట ఎంత? ఎనుబది వంతులు తారైనచో, లోతైన కట్టలు గల టైరు దండుగ. అది తారుపై త్వరగా అరిగిపోవును, తడి రోడ్డుపై పట్టు తక్కువ.

(2) ఆ బాట ఎట్టిది? మొరం బాటకు అడుగున గట్టి నేల, పైన వదులు రాళ్ళు; దానికి మధ్యరకము కట్టలు గల టైరు చాలును. ఇసుకకు వెడల్పు, తక్కువ గాలి కావలెను. తడిసిన రేగడికి ఏ టైరును పూర్తిగా తగదు. టైరునకు మడ్‌గార్డునకు మధ్య మట్టి నిండి చక్రమే ఆగిపోవును. అట్టి చోట నేల ఆరు వరకు ఆగుటయో, దారి మార్చుటయో వివేకము.

(3) ఎంత ఏటవాలు, ఎంత బరువుతో ఎక్కవలెను? గేర్లు, బ్రేకులు దీనిపై ఆధారపడును.

(4) నీరు, పెట్రోలు, పంక్చరు వేయువాడు ఎంత దూరమున దొరకును? వెంట కొనిపోవు సామగ్రి దీనిపై ఆధారపడును.

ఈ నాలుగు జవాబులు చేతనుంచుకొని దుకాణమునకు పోయినవానిని అమ్మకందారు మాటలు అంత సులభముగా లొంగదీయజాలవు.

మౌంటెన్ బైకు ఎంపిక

కొలత: సైకిలు ఎంత మంచిదైనను మనిషికి కొలత కుదరనిచో వ్యర్థము. సీటు ముందు ఫ్రేముపై కాళ్ళు చాచి నిలువబడినపుడు, పై గొట్టమునకు శరీరమునకు మధ్య కనీసము రెండంగుళముల ఖాళీ ఉండవలెను. రాళ్ళలో హఠాత్తుగా దిగవలసి వచ్చినపుడు ఈ ఖాళీయే దెబ్బ తగులకుండ కాపాడును. సీటుపై కూర్చుండి, మడమను అన్నిటికంటె క్రిందనున్న పెడలుపై ఉంచినపుడు కాలు తిన్నగా చాపబడిన యెడల సీటు ఎత్తు సరిపోయినట్లు.

గేర్లు: ఇచ్చట కొంచెము లెక్క అవసరము. మన సాధారణ సైకిలునకు ముందు 44 పళ్ళు, వెనుక 18 పళ్ళు ఉండుట పరిపాటి. పెడలు ఒక చుట్టు తిరిగిన వెనుక చక్రము సుమారు 2.44 చుట్లు తిరిగి, సైకిలు దాదాపు 5.4 మీటర్లు ముందునకు పోవును. 26 అంగుళముల చక్రము గల మౌంటెన్ బైకున ముందు 22 పళ్ళు, వెనుక 34 పళ్ళు గల గేరు వేసినచో చక్రము 0.65 చుట్టు మాత్రమే తిరిగి, సైకిలు సుమారు 1.34 మీటర్లు పోవును. నూటికి పది వాలున్న ఎత్తు ఎక్కునపుడు మొదటి సైకిలు పెడలు ఒక చుట్టునకు 54 సెంటీమీటర్లు పైకి లేవవలెను. రెండవది 13 సెంటీమీటర్లు మాత్రమే. మనిషి, సైకిలు, సామాను కలిసి 85 కిలోలైనచో, ఒక చుట్టులో ఆ భారమును ఎంత ఎత్తునకు లేపవలెనో దీనిని బట్టి గ్రహింపవచ్చును. మొత్తము పని తగ్గదు. ఒక్కొక్క తొక్కుడులోని శ్రమ నాలుగవ వంతగును. నిమిషమునకు 60 చుట్లు తొక్కిన గంటకు 4.8 కిలోమీటర్ల వేగము, అనగా నడక వేగము, వచ్చును.

ఈ కాలపు ఖరీదైన సైకిళ్ళకు ముందు ఒకే పళ్ళ చక్రము, వెనుక పన్నెండు ఉండును. ముందు 32, వెనుక 51 పళ్ళతో 29 అంగుళముల చక్రమున పెడలు చుట్టునకు సుమారు 1.44 మీటర్లు వచ్చును. చూడుడు: ఎత్తు ఎక్కు శక్తిలో పాత మూడు చక్రముల పద్ధతి దీనికి తీసిపోలేదు. అది చౌక, దాని భాగములు చిన్న పట్టణములలో సైతము దొరకును. డబ్బు తక్కువగా గల విద్యార్థి దానిని కొన్నందుకు చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు.

ముందు ఫోర్కు: స్ప్రింగు గల ఫోర్కు రాళ్ళ దెబ్బను చేతులకు తగులనీయదు. సాధారణ కొండ బాటలకు 100 నుండి 120 మిల్లీమీటర్ల కదలిక చాలును. కాని చవక సైకిళ్ళ ఫోర్కులలో పలుమారు స్ప్రింగు మాత్రమే ఉండి, దాని ఎగురుపాటును అణచు ఏర్పాటు ఉండదు. అట్టిది బరువును పెంచి, రాయి తగిలినపుడు చక్రమును ఎగురవేయును. మంచి ఫోర్కునకు డబ్బు చాలనపుడు స్ప్రింగు లేని గట్టి ఫోర్కు, లావైన మంచి టైరు మేలు. వెనుకను కూడ స్ప్రింగు పెట్టిన చవక సైకిలును ముట్టకుండుటే ఉత్తమము.

బ్రేకు: రిమ్మును పట్టు బ్రేకు పొడి నేలపై చక్కగా పనిచేయును గాని, బురద అంటిన రిమ్ముపై జారిపోవును. డిస్కు బ్రేకునకు ఆ లోపము తక్కువ. తీగతో లాగు డిస్కు బ్రేకును దారిలోనే సరిచేసికొనవచ్చును. ద్రవపు ఒత్తిడితో పనిచేయునది బలమైనది గాని, చెడినపుడు పనిముట్లు తెలిసినవాడు కావలెను.

టైరు, గాలి: 2.1 నుండి 2.3 అంగుళముల వెడల్పు మన మార్గములకు అనుకూలము. అరువది, డెబ్బది కిలోల మనిషి ట్యూబు గల టైరులో తారుపై 40 పౌనుల గాలి, మొరం బాటపై 30 పౌనులకు అటునిటు గాలి ఉంచుకొనవచ్చును. మరీ తగ్గించినచో ట్యూబు రాయికిని రిమ్మునకును మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడును. వేయి రూపాయల అలంకరణ కంటె గాలి కొలత గల ఒక పంపు ఎక్కువ మేలు చేయును.

అడ్వెంచర్ మోటారు సైకిలు ఎంపిక

బరువు, ఎత్తు: దీనిని పరీక్షించుటకు ఒకే సూత్రము కలదు. పడిపోయిన బండిని ఒంటరిగా లేపగలవా? లేపలేని బండితో నిర్జన మార్గమునకు ఒంటరిగా పోరాదు. 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200 బరువు 154 కిలోలు. 2023లో వచ్చిన 452 సి.సి. హిమాలయన్ బరువు 196 కిలోలు. తారుపై దూర ప్రయాణమునకు రెండవది నిశ్చయముగా సుఖకరము. కాని ఇసుకలో కూరుకొన్నపుడు ఆ 42 కిలోల తేడా ఒక బియ్యపు మూట వలె తోచును. సీటుపై కూర్చుండినపుడు రెండు పాదముల ముందు భాగములైనను నేలకు గట్టిగా ఆనవలెను. ఏటవాలు బాటపై ఆగినపుడు కాలు అందక పడువారే ఎక్కువ.

చక్రములు, ఖాళీ: ఈ రెండు బండ్లకును ముందు చక్రము 21 అంగుళములు. పెద్ద చక్రము గుంటలో పూర్తిగా దిగదు, రాతిని తేలికగా ఎక్కును. ఇంజను అడుగునకు నేలకు మధ్య ఖాళీ మొదటిదానికి 220, రెండవదానికి 230 మిల్లీమీటర్లు. ఊచల చక్రము దెబ్బకు కొంత వంగి ఓర్చుకొనును. పోత చక్రము పగులవచ్చును. అయితే ఊచల చక్రములలో పెక్కింటికి ట్యూబు ఉండును గనుక పంక్చరు వేయు విద్య నేర్చియుండవలెను.

ఇంజను: మిశ్రమ మార్గమున గరిష్ఠ వేగముతో పని లేదు. తక్కువ చుట్లలోనే లాగు శక్తి ముఖ్యము. ఎత్తు పెరిగినకొలది గాలి పలుచనై ఇంజను శక్తి తగ్గును. లడాఖ్ కనుమలలో 5,000 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్ర మట్టపు ఒత్తిడిలో సగమునకు కొంచెము మించి మాత్రమే ఉండును. కార్బురేటరు గల పాత బండ్లు అచ్చట గాలికి మించిన పెట్రోలు తీసికొని పొగలు చిమ్మును. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 నిబంధనలు అమలైన తరువాతి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు పెట్రోలును సరిదిద్దుకొనును గాని, లేని గాలిని సృష్టింపలేవు. ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు కనుమల శిఖరములు సుమారు 1,700 మీటర్లకు మించవు గనుక అరకు, మారేడుమిల్లి యాత్రలకు ఈ చింత అంతగా లేదు.

పెట్రోలు: మనాలి నుండి లేహ్‌కు పోవు దారిలో టాండీ వద్ద, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరమున ఉన్నదని తెలుపు ఫలకము యాత్రికులలో ఎంతో ప్రసిద్ధి చెందినది. ట్యాంకు 17 లీటర్లు, లీటరునకు 28 కిలోమీటర్లు అనుకొనిన 476 కిలోమీటర్లు పోవచ్చునని ధైర్యము కలుగును. చెడు దారికి, తక్కువ గేర్లకు నాలుగవ వంతు తీసివేసినచో మిగులునది 357. అనగా ఎనిమిది కిలోమీటర్లు తక్కువ! ఏ మార్గమునకైనను ఇట్లు నాలుగవ వంతు తగ్గించియే లెక్క వేయవలెను. అదనపు పెట్రోలును దానికై చేసిన గట్టి డబ్బాలోనే తీసికొనిపోవలెను. త్రాగునీటి సీసాలలో నింపుట ప్రాణాంతకము.

బ్రేకు: చక్రము బిగుసుకొని జారకుండ చూచు ఎ.బి.ఎస్. ఏర్పాటు 125 సి.సి.కి మించిన బండ్లన్నిటికి 2019 ఏప్రిల్ నుండి తప్పనిసరి యైనది. వదులు రాళ్ళ దిగుడులో వెనుక చక్రమునకు దానిని ఆపు వీలు కొన్ని బండ్లలో కలదు. తారు రాగానే దానిని మరల పనిచేయించుట మరువరాదు.

సన్నాహము

మొదటి ఖర్చు శిరస్త్రాణము. మోటారు సైకిలునకు ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్టు గడ్డము క్రింద పట్టీ బిగించి ధరింపవలెను. సైకిలు హెల్మెట్టు తేలికగా, గాలి ఆడునట్లు చేసినది. అది మోటారు సైకిలునకు పనికిరాదు. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్టులోని నురుగు పొర మరల యథాస్థితికి రాదు; పైకి బాగుగనే ఉన్నను మార్చవలెను. చేతి తొడుగులు, చీలమండ కప్పు బూట్లు తరువాతివి. రక్షణ కడ్డీలు, అదనపు దీపములు వీని తరువాతనే.

సామాను బరువు క్రిందుగా, నడుమకు దగ్గరగా ఉండవలెను. వెనుక చివర ఎత్తుగా కట్టిన మూట ముందు చక్రమును తేలిక చేసి, ఎత్తు ఎక్కునపుడు హ్యాండిలును వశము తప్పించును. రాళ్ళ బాటలకు లోహపు పెట్టెల కంటె గుడ్డ సంచులు మేలు. పడినపుడు కాలు వాని క్రింద నలుగు ప్రమాదము తక్కువ.

వెంట ఉండవలసినవి ఇవి: ఒక ట్యూబు, ప్యాచీలు, సొల్యూషను, టైరు లీవర్లు, పంపు, తమ బండికి సరిపడు పానాలు, చైను లింకు, కొంత తీగ, టేపు, ప్రథమ చికిత్స పెట్టె, ఎండలో గంటకు అర లీటరుకు తగ్గని నీరు. ఇవి సంచిలో ఉన్నంత మాత్రమున చాలదు. ఇంటి వద్ద ఒకసారి చక్రము ఊడదీసి, ట్యూబు మార్చి చూచినవానికే దారిలో అవి ఉపయోగపడును.

సైకిలు చైను అరిగినదో లేదో తెలియుటకు పాఠశాల పిల్లల అడుగు బద్ద చాలును. ఒక పిన్ను నుండి లెక్కించి ఇరువది నాలుగవ పిన్ను వరకు కొత్త చైను సరిగా 12 అంగుళములు ఉండును. అది అంగుళములో పదునారవ వంతు పెరిగినచో చైను మార్చవలెను. ఎనిమిదవ వంతు వరకు ఉపేక్షించినచో పళ్ళ చక్రములు కూడ అరిగి ఖర్చు పలు రెట్లగును.

నడుపు తీరు, నియమములు

ఘాట్ దిగునపుడు ఏ గేరులో ఎక్కవచ్చునో ఆ గేరులోనే దిగుట మోటారు సైకిలునకు క్షేమము; ఇంజనే వేగమును పట్టి ఉంచును, బ్రేకు వేడెక్కదు. సైకిలునకు ఆ సౌకర్యము లేదు గనుక బ్రేకును ఎడతెగక పట్టక, విడిచి విడిచి పట్టవలెను. నీరు పారు వాగును కాలినడకన లోతు చూడక దాటరాదు.

గేర్లు గల మోటారు సైకిలు నడుపుటకు పదునెనిమిది ఏండ్లు నిండి, లైసెన్సు పొంది ఉండవలెను. ఇంటర్మీడియట్ విద్యార్థులలో పెక్కుమందికి ఆ వయస్సు రాలేదు. వారికి మౌంటెన్ బైకే తగిన వాహనము. బండి నిర్మాణమును ఇష్టానుసారము మార్చుటను మోటారు వాహనముల చట్టము నిషేధించుచున్నది. నల్లమల వంటి పులుల అభయారణ్యములలో రాత్రి రాకపోకలపై నిర్బంధములు గలవు. వేళలు తెలిసికొని బయలుదేరవలెను. అడవిలో టెలిఫోను సంకేతములు అందని చోట్లు పెక్కు. ఏ దారిన పోయి ఎప్పుడు తిరిగి వత్తుమో ఇంటివారికి వ్రాసి ఇచ్చి పోవుట ఖర్చు లేని రక్షణ.

ఉపసంహారము

ఇంతవరకు చెప్పిన దాని సారము: మొదట మార్గము, తరువాత మనిషి కొలత, ఆ తరువాత బ్రేకు, టైరు, గేరు, చివరకు రంగు, పేరు. ఈ వరుసను తలక్రిందులు చేసిన కొనుగోలు ఎంత ఖరీదైనదైనను నష్టమే. ఈ వరుసను పాటించినచో పాత సైకిలైనను, తగిన టైరులతో, సరియైన గాలితో, అరగని చైనుతో కొండ ఎక్కి దిగి ఇల్లు చేర్చును.

కళాశాల పాలకవర్గమువారికి ఒక మనవి. గాలి కొలత గల పెద్ద పంపు ఒకటి, పానాల పెట్టె ఒకటి, పంక్చరు సామాను కొంత వ్యాయామ విద్యాశాఖలో ఉంచి, సంవత్సరమునకు రెండు పర్యాయములు అనుభవజ్ఞుడైన మెకానిక్‌ను పిలిపించి బ్రేకు సరిచేయుట, ట్యూబు మార్చుట విద్యార్థినీ విద్యార్థులకు నేర్పింపవచ్చును. దీనికి అగు వ్యయము స్వల్పము. ప్రతి దినము మన కళాశాల ద్వారమున ప్రవేశించు సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు ఎన్ని! వానిలో బ్రేకులు సరిగా పట్టునవి ఎన్నియో పరీక్షించి చూచుట ఈ పాఠమునకు తొలి అభ్యాసము కాగలదు.